గ్రహణం పట్టిన ప్రతిసారీ ఆ పాటే.. రాయల్టీ మాత్రం ఎవరికి?

2026 ఆగస్టు 12న గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ మీదుగా వచ్చే చంద్రుడి నీడ సాయంత్రం వేళ స్పెయిన్‌ను దాటుతుంది. ఏడాది తిరిగేలోపే, 2027 ఆగస్టు 2న, ఇంకో సంపూర్ణ సూర్యగ్రహణం దక్షిణ స్పెయిన్‌ను తాకి ఉత్తర ఆఫ్రికా మీదుగా ఈజిప్టు వైపు సాగుతుంది. ఈ తేదీల కోసం ఖగోళ శాస్త్రవేత్తలతో పాటు సంగీత వ్యాపారంలో ఉన్నవాళ్లు కూడా ఎదురుచూస్తారు. ఎందుకంటే గ్రహణం వచ్చిన ప్రతిసారీ 1983 నాటి ఒక పాట మళ్లీ చార్టుల్లోకి, రేడియోల్లోకి, ఫోన్లలోకి వచ్చేస్తుంది. బోనీ టైలర్ పాడిన 'టోటల్ ఎక్లిప్స్ ఆఫ్ ద హార్ట్' ఆ పాట. 'ఫాస్టర్ దాన్ ద స్పీడ్ ఆఫ్ నైట్' అనే ఆల్బమ్‌లోది.

నిజానికి ఆ పాటకూ ఆకాశానికీ సంబంధం లేదు. అది మనసుకు పట్టిన చీకటి గురించి. అయినా 2017 ఆగస్టు 21న అమెరికాపై గ్రహణం పడిన రోజు అక్కడి ఐట్యూన్స్ అమ్మకాల్లో ఆ పాట మొదటి స్థానానికి చేరింది. అదే రోజు సముద్రం మధ్య ఒక విహార నౌక మీద బోనీ టైలర్ స్వయంగా దాన్ని పాడారు. ఆ రోజు సూర్యుడు పూర్తిగా మాయమైన సమయం గరిష్ఠంగా దాదాపు 2 నిమిషాల 40 సెకన్లే. ఆల్బమ్‌లో పాట నిడివి దాదాపు 7 నిమిషాలు. గ్రహణం కంటే పాటే పొడవు.

34 ఏళ్ల తర్వాత కూడా ఒక పాట ఇంతగా వినిపిస్తుంటే, దానిమీద వచ్చే డబ్బులో ఆ గొంతుకు దక్కేదెంత? ఈ ప్రశ్న ఒక్క బోనీ టైలర్‌ది కాదు. పాట పాడడమే తప్ప రాయని, స్వరపరచని ప్రతి గాయనిదీ, గాయకుడిదీ. బ్రిటన్ పార్లమెంటులో, అమెరికా కాంగ్రెస్‌లో, మన దేశ కోర్టుల్లో కొన్నేళ్లుగా నలుగుతున్న వాదం ఇదే. ఆ వాదాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క ఆల్బమ్ చాలు.

బొగ్గు గనుల ఊరి నుంచి న్యూయార్క్ స్టూడియోకు

బోనీ టైలర్ అసలు పేరు గేనర్ హాప్కిన్స్. 1951లో దక్షిణ వేల్స్‌లోని నీత్ పట్టణం దగ్గర స్క్యూవెన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి బొగ్గు గని కార్మికుడు. వేల్స్‌ను పాటల సీమ అంటారు. ప్రార్థనా మందిరాల్లో బృందగానం, కార్మికుల క్లబ్బుల్లో రాత్రి కచేరీలు అక్కడ జీవితంలో భాగం. ఆమె కూడా స్వాన్సీ చుట్టుపక్కల క్లబ్బుల్లో పాడుతూనే పైకి వచ్చారు. 1970ల మధ్యలో స్వరతంత్రులపై కాయలు ఏర్పడి శస్త్రచికిత్స చేయించుకోవాల్సి వచ్చింది. కొన్ని వారాల పాటు నోరు మెదపవద్దని వైద్యులు చెప్పారు. ఒకరోజు విసుగెత్తి గట్టిగా అరిచేశారట. ఆ తర్వాత గొంతులో జీర స్థిరపడిపోయింది. వేరే ఎవరికైనా అది కెరీర్‌కు ముగింపు. ఆమెకు అదే గుర్తింపు అయింది. ఆ జీర గొంతుతో పాడిన 'ఇట్స్ ఎ హార్టేక్' బ్రిటన్‌లో 4వ, అమెరికాలో 3వ స్థానానికి చేరింది.

తర్వాత కొన్నేళ్లు పెద్దగా ఏమీ జరగలేదు. పాత కంపెనీ ఒప్పందం ముగిశాక ఆమె సీబీఎస్‌లో చేరారు. ఎవరితో పని చేయాలని ఉందని అడిగితే జిమ్ స్టైన్‌మన్ పేరు చెప్పారు. మీట్ లోఫ్ పాడిన 'బ్యాట్ అవుట్ ఆఫ్ హెల్' ఆల్బమ్ పాటలన్నీ రాసింది ఆయనే. కంపెనీవాళ్లకు అది అత్యాశగా అనిపించింది. స్టైన్‌మన్ కూడా ముందు కుదరదన్నారు. తర్వాత మనసు మార్చుకుని న్యూయార్క్‌లోని తన ఇంటికి పిలిపించారు. రెండు పాత పాటలు వినిపించి, నచ్చాయా అని అడిగారు. నచ్చాయని ఆమె అనడంతో ఆల్బమ్ మొదలైంది. ఆ రెండు పాటలూ ఆల్బమ్‌లో ఉన్నాయి.

రికార్డింగ్ న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ స్టూడియోలో జరిగింది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బృందంలోని రాయ్ బిట్టన్ పియానో, మాక్స్ వైన్‌బర్గ్ డ్రమ్స్ వాయించారు. గిటార్ రిక్ డెరింజర్‌ది. 'టోటల్ ఎక్లిప్స్'లో ఆమెకు బదులు పలికే మగ గొంతు రోరీ డాడ్‌ది. ఆ గొంతు లేకుండా ఆ పాటను ఊహించలేం. కానీ ఆ పేరు ఎంతమందికి తెలుసు?

1983 మార్చిలో ఆ పాట మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్'ను దింపి బ్రిటన్‌లో మొదటి స్థానానికి వచ్చింది. ఏప్రిల్‌లో ఆల్బమ్ విడుదలైన వెంటనే అక్కడి చార్టులో నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టింది. అక్టోబరులో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో ఆ పాట నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. వేల్స్ నుంచి వచ్చిన మరో పెద్ద గాయకుడు టామ్ జోన్స్‌కు కూడా ఆ చార్టులో దక్కిన గరిష్ఠ స్థానం రెండే.

ఆల్బమ్ మొత్తం ఒకే స్థాయిలో ఉందని చెప్పలేం. స్టైన్‌మన్‌కు ఏదైనా ఎక్కువే కావాలి. పియానో మీద పియానో, కోరస్ మీద కోరస్, ఉరుముల్లాంటి డ్రమ్స్. కొన్ని పాటల్లో ఆ హంగు కింద పాటే నలిగిపోయింది. నిలబెట్టింది గొంతు. ఏ క్షణాన పగిలిపోతుందో అనిపిస్తూ పగలని గొంతు. 40 ఏళ్ల తర్వాత జనం గుర్తుపెట్టుకున్నది కూడా దాన్నే.

తొమ్మిది పాటలు.. ఒక్కటీ ఆమెది కాదు

ఇప్పుడు లెక్కల్లోకి వస్తే, ఆల్బమ్‌లో తొమ్మిది పాటలున్నాయి. అందులో ఒక్కటి కూడా బోనీ టైలర్ రాసింది కాదు. రెండు స్టైన్‌మన్‌వి. ఒకటి బ్రయాన్ ఆడమ్స్ పాట. ఒకటి క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందానిది. ఒకటి బ్లూ ఆయిస్టర్ కల్ట్ బృందానిది.

కాపీరైట్ చట్టం దృష్టిలో మనం వినే పాట ఒక్కటి కాదు, మూడు. సాహిత్యం, బాణీ కలిసి ఒకటి. దాని హక్కు రచయితది, ఆయన పబ్లిషర్‌ది. స్టూడియోలో ముద్రించిన శబ్దం రెండోది. దాని హక్కు సాధారణంగా రికార్డు కంపెనీది. ఆ రోజు మైకు ముందు నిలబడి పాడినవాళ్ల ప్రదర్శన మూడోది. మొదటి రెండూ గట్టి ఆస్తులు. అమ్మవచ్చు, కొనవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు. మూడోది చాలాకాలం హక్కుగానే లెక్కలోకి రాలేదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో 1983 అక్టోబరులోనే కనిపించింది. అమెరికా చార్టులో మొదటి స్థానంలో 'టోటల్ ఎక్లిప్స్' ఉంటే, రెండో స్థానంలో ఎయిర్ సప్లై బృందం పాడిన 'మేకింగ్ లవ్ అవుట్ ఆఫ్ నథింగ్ ఎట్ ఆల్' ఉంది. రెండూ రాసింది స్టైన్‌మనే. ఆ రెండు పాటలూ తనకు రావాల్సినవని మీట్ లోఫ్ తర్వాత చెబుతుండేవారు. గాయకులు పోటీ పడ్డారు. రచయిత ఏకకాలంలో రెండు మెట్లూ ఎక్కారు.

1995లో నిక్కీ ఫ్రెంచ్ అనే గాయని అదే పాటను డ్యాన్స్ బీట్‌తో పాడితే అమెరికాలో రెండో స్థానానికి వెళ్లింది. 2006లో వెస్ట్‌లైఫ్ బృందం పాడింది. వియన్నాలో 1997లో మొదలైన రక్తపిశాచుల సంగీత నాటకంలో స్టైన్‌మన్ అదే బాణీని జర్మన్ భాషలో వాడుకున్నారు. వీటిలో ప్రతిదానికీ రచయిత ఖాతాలో రాయల్టీ పడుతుంది. ఆ పాటకు ప్రాణం పోసిన మొదటి గాయనికి పైసా రాదు. చట్టం ప్రకారం అందులో తప్పేమీ లేదు కూడా. ఆమె చేతిలో ఉన్న దారి మళ్లీ పాడడమే. 2003లో కరీన్ ఆంటన్‌తో కలిసి సగం ఫ్రెంచ్, సగం ఇంగ్లిష్‌లో కొత్తగా పాడారు. ఫ్రాన్స్, బెల్జియంలలో అది మొదటి స్థానానికి చేరింది. అప్పుడు కూడా రచయిత వాటా రచయితకు వెళ్లింది.

అలాగని రచయితలందరూ సుఖంగా ఉన్నారనుకోవడానికి లేదు. స్టైన్‌మన్ ఆమెకు ముందుగా వినిపించిన రెండు పాటల్లో ఒకటి 'హ్యావ్ యూ ఎవర్ సీన్ ద రెయిన్'. రాసింది జాన్ ఫోగర్టీ. పాత కంపెనీ కబంధ హస్తాల నుంచి బయటపడడానికి 1980లో ఆయన తన పాత పాటల రాయల్టీలను వదులుకున్నారు. తాను రాసిన పాటలను తానే ఏళ్ల తరబడి వేదిక మీద పాడనని భీష్మించుకున్నారు. ఆ పాటల ప్రచురణ హక్కుల్లో మెజారిటీ వాటా తిరిగి ఆయన చేతికి వచ్చింది 2023లో. అప్పటికి ఆయనకు 77 ఏళ్లు. అంటే బోనీ టైలర్ ఆ పాట పాడి ఆల్బమ్ అమ్ముతున్న రోజుల్లో, పాడినామెకే కాదు, రాసినాయనకూ ఆ పాట మీద పట్టు లేదు.

మరి పట్టు ఎవరికుంది? రికార్డింగుల విషయానికొస్తే, 1988లో జపాన్ కంపెనీ సోనీ 200 కోట్ల డాలర్లు పెట్టి సీబీఎస్ రికార్డ్స్‌ను కొనేసింది. ఆ మూటలో ఈ ఆల్బమ్ కూడా వెళ్లింది. ఆ తర్వాత స్టైన్‌మన్ 2021లో, మీట్ లోఫ్ 2022లో కన్నుమూశారు. కంపెనీలకు ఆ బాధ ఉండదు.

రేడియోలో మోగితే ఎవరికి లాభం

బ్రిటన్‌లో రేడియో విషయంలో గాయకులకు కొంత ఊరట ఉంది. 1996 చివరి నుంచి అక్కడి చట్టంలో 'సముచిత పారితోషికం' అనే హక్కు వచ్చింది. రేడియోలో, టీవీలో, హోటల్లో, దుకాణంలో రికార్డు మోగితే డబ్బు కట్టాలి. పీపీఎల్ అనే సంస్థ వసూలు చేసి సగం రికార్డు హక్కుదారుకు, సగం ప్రదర్శనకారులకు ఇస్తుంది. ముఖ్య గాయనికే కాదు, డ్రమ్స్ వాయించినవాళ్లకూ, వెనక గొంతు కలిపినవాళ్లకూ వాటా ఉంటుంది. ఈ ఏర్పాటులో ఒక కీలకమైన సంగతి ఉంది. పాత ఒప్పందంలో ఏం రాసుకున్నా కంపెనీ ఈ వాటాను లాక్కోలేదు. అడ్వాన్సు బాకీ కింద జమ చేసుకోలేదు.

అమెరికాలో ఆ హక్కు లేదు. ఎఫ్‌ఎం రేడియోలో పాట వేస్తే రచయితకు డబ్బు వస్తుంది. గాయనికి రాదు, రికార్డు కంపెనీకీ రాదు. పాట వేయడమే గాయకులకు ఉచిత ప్రచారం, ఇంకా డబ్బెందుకన్నది ప్రసార సంస్థల పాత వాదం. రికార్డులు అమ్ముడుపోయే రోజుల్లో ఆ వాదంలో కొంత పస ఉండేది. ఇప్పుడు రికార్డు కొనేదెవరు? ఫ్రాంక్ సినాట్రా అంతటివాడు దీనిమీద పోరాడి ఫలితం చూడకుండానే పోయారు. ఉపగ్రహ రేడియో, ఇంటర్నెట్ రేడియోల మీద మాత్రం 1995 చట్టం తర్వాత గాయకులకు వాటా వస్తోంది. ఎఫ్‌ఎంకు కూడా దాన్ని వర్తింపజేయాలంటూ 2021లో 'అమెరికన్ మ్యూజిక్ ఫెయిర్‌నెస్' బిల్లు పెట్టారు. 2025లో మళ్లీ ప్రవేశపెట్టారు. రెండు పార్టీల సభ్యులూ మద్దతిస్తున్నారు. ఊళ్లో రేడియో స్టేషన్‌తో తగవు పెట్టుకోవడం మాత్రం ఏ సభ్యుడికీ ఇష్టం ఉండదు.

2017 ఆగస్టులో, మళ్లీ 2024 ఏప్రిల్ 8న అమెరికా మీదుగా నీడ వెళ్లినప్పుడు అక్కడి ఎఫ్‌ఎం స్టేషన్లలో ఈ పాట ఎన్నిసార్లు మోగి ఉంటుందో ఊహించుకోవచ్చు. అన్నిసార్లకూ గాయనికి చట్టప్రకారం రావాల్సింది సున్నా.

స్ట్రీమింగ్ వచ్చాక చిక్కు పెరిగింది

ఈ రోజు పాట డబ్బంతా స్ట్రీమింగ్‌లో ఉంది. స్ట్రీమింగ్ ఆర్థిక వ్యవహారాలపై బ్రిటన్ పార్లమెంటు కమిటీ ఒకటి విచారణ జరిపి 2021 జులైలో నివేదిక ఇచ్చింది. ఆ నివేదికలోని లెక్క ప్రకారం వచ్చిన రూపాయిలో దాదాపు 30 పైసలు యాప్‌కు, 55 పైసలు రికార్డింగ్ హక్కుదారుకు, 15 పైసలు పాట రాసినవాళ్ల వైపు వెళ్తాయి. గాయనికి వచ్చేది ఆ 55 పైసల్లోంచి, అదీ ఆమె ఒప్పందంలో రాసుకున్న శాతం మేరకు. ఒప్పందం ఎప్పటిదన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

1980ల ఒప్పందాలు వినైల్ రికార్డుల కాలానివి. డిస్కు తయారు చేయాలి, అట్టపెట్టెలో పెట్టాలి, లారీల్లో పంపాలి, పగిలినవి వెనక్కి తీసుకోవాలి. ఈ ఖర్చులన్నీ చూపించి గాయకుల శాతాన్ని కంపెనీలు తక్కువగా ఉంచేవి. స్టూడియో అద్దె, వీడియో ఖర్చు కూడా అడ్వాన్సుగా గాయకుల పద్దులోనే రాసేవారు. అది తీరేవరకు రాయల్టీ చేతికి రాదు. ఇప్పుడు లారీ లేదు, అట్టపెట్టె లేదు, పగిలేది లేదు. శాతం మాత్రం అలాగే ఉన్న ఒప్పందాలు ఎన్నో. వెనక వాయించిన సంగీతకారుల పరిస్థితి ఇంకా తేలిక: ఆ రోజు కూలీ ఆ రోజుకే, స్ట్రీమింగ్‌లో వాటా అన్నదే లేదు.

వ్యవస్థను మొదటి నుంచి సరిదిద్దాలని కమిటీ సిఫారసు చేసింది. రేడియోకు ఉన్నట్టే స్ట్రీమింగ్‌కూ సముచిత పారితోషికం ఉండాలంది. ఆ దిశగా అప్పటి కార్డిఫ్ వెస్ట్ ఎంపీ కెవిన్ బ్రెనన్ ప్రైవేటు బిల్లు తెచ్చారు. ఆయనదీ వేల్స్ రాజకీయమే, పైగా పాడే అలవాటున్న మనిషి. 2021 డిసెంబరు 3న చర్చకు వచ్చిన ఆ బిల్లు ప్రభుత్వ మద్దతు లేక అక్కడే ఆగిపోయింది. తర్వాతి ఏడాది పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ ఈ రంగాన్ని పరిశీలించి, తాము జోక్యం చేసుకోవాల్సింది లేదని తేల్చింది. వినియోగదారులకు పాట చౌకగా దొరుకుతోందన్నది దాని దృష్టి. ఆ చౌక ఎవరి జేబులోంచి అన్నది ఆ సంస్థ పరిధిలోని ప్రశ్న కాదు.

చివరికి 2025 జులైలో మూడు పెద్ద కంపెనీలు యూనివర్సల్, సోనీ, వార్నర్‌తో పాటు మరికొన్ని కలిసి కొన్ని సూత్రాలకు ఒప్పుకున్నాయి. పాత ఒప్పందాలను మళ్లీ మాట్లాడుకోవడానికి వీలు, 2000కు ముందు ఒప్పందాల్లో తీరని అడ్వాన్సులను పక్కనపెట్టడం, సెషన్ సంగీతకారుల ఫీజుల పెంపు, పాటల రచయితలకు పనిరోజు భత్యం అందులో ఉన్నాయి. పాత బాకీల విషయంలో సోనీ 2021లోనే ఇలాంటి పథకం ప్రకటించింది. మేలే. కానీ ఇవి కంపెనీలు స్వచ్ఛందంగా ఒప్పుకున్న మాటలు. చట్టం కాదు. రేపు కాదంటే కోర్టుకు వెళ్లి అడగడానికి హక్కు లేదు. సంగీతకారుల సంఘాలు ఇది సరిపోదని అన్నది అందుకే.

కంపెనీల వైపు వాదన ఒకటుంది, దాన్ని తీసిపారేయలేం. పదిమంది గాయకులపై పెట్టుబడి పెడితే ఒకరిద్దరే నిలబడతారు, ఆ లాభంతోనే మిగతావారి నష్టం పూడుతుంది, చట్టం వాటా నిర్ణయిస్తే కొత్తవాళ్ల మీద పెట్టే డబ్బు తగ్గుతుంది అంటారు. 1981లో కెరీర్ నెమ్మదించిన ఒక గాయనిని తీసుకుని, ఖరీదైన నిర్మాతను, న్యూయార్క్ స్టూడియోను ఇచ్చింది సీబీఎస్సే. కానీ ఆ పెట్టుబడి ఎప్పుడో తిరిగి వచ్చింది. 40 ఏళ్ల కిందటి రిస్కుకు ఇంకా ఎంతకాలం లాభం తీసుకోవాలి?

మన దగ్గర కథ

ఈ తగవు తెలుగు శ్రోతలకు కొత్త కాదు. 1960లలో లతా మంగేష్కర్ నేపథ్య గాయకులకు రాయల్టీ కావాలని అడిగారు. పాడినందుకు డబ్బు తీసుకున్నాక ఇంకేం అడుగుతామన్నది మహమ్మద్ రఫీ పక్షం. ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు. 1977లో ఐపీఆర్‌ఎస్ కేసులో సుప్రీంకోర్టు సినిమా సంగీతం మీద నిర్మాతకే పైచేయి ఇచ్చింది. అదే తీర్పుకు అనుబంధంగా జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఒక మాట రాశారు. మన చట్టం కాగితం మీది బాణీని గుర్తిస్తుంది కానీ దానికి ప్రాణం పోసే కంఠాన్ని గుర్తించదని, పార్లమెంటు దీనిపై ఆలోచించాలని. పార్లమెంటు ఆలోచించడానికి 17 ఏళ్లు పట్టింది. 1994 సవరణతో ప్రదర్శనకారుల హక్కు వచ్చింది. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా మాట్లాడిన 2012 సవరణతో రచయితలకు, స్వరకర్తలకు వదులుకోవడానికి వీల్లేని రాయల్టీ వాటా, గాయకులకు తమ ప్రదర్శనను వాణిజ్యంగా వాడినప్పుడు రాయల్టీ దక్కాయి. వసూలుకు గాయకులు సొంత సంఘం పెట్టుకున్నారు.

బోనీ టైలర్ ఆల్బమ్ వచ్చిన 1983లోనే 'సాగర సంగమం' విడుదలైంది. ఇళయరాజా బాణీలు, వేటూరి సాహిత్యం, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు. ఆ పాటలు రికార్డయిన నాటికి మన చట్టంలో గాయకుడికంటూ ఏ హక్కూ లేదు. 2017 మార్చిలో బాలు అమెరికా పర్యటనలో ఉండగా ఇళయరాజా తరఫు న్యాయవాది నుంచి నోటీసు వెళ్లింది, అనుమతి లేకుండా తన పాటలు వేదికపై పాడవద్దని. బాలు ఫేస్‌బుక్‌లో ఆ విషయం రాసి, ఇక ఆ పర్యటనలో ఆ పాటలు పాడబోనన్నారు. అభిమానులు రెండుగా చీలిపోయారు. చట్టం దృష్టిలో ఇళయరాజా అడిగింది వింతేమీ కాదు, ప్రపంచమంతా వేదిక కచేరీకి స్వరకర్త అనుమతి, రాయల్టీ మామూలే. అది సాధారణంగా నిర్వాహకులు చూసుకోవాల్సిన పని. జనాన్ని బాధపెట్టింది వేరే సంగతి. బాలు గొంతులోనే విని గుర్తుపెట్టుకున్న పాట మీద బాలుకు ఇంత తక్కువ అధికారం ఉందా అని అప్పుడే చాలామందికి తెలిసింది.

ఇప్పుడు గొంతుకే ఎసరు వచ్చింది. కొద్ది నిమిషాల రికార్డింగు ఇస్తే కృత్రిమ మేధ ఎవరి గొంతునైనా అనుకరిస్తోంది. జీర గొంతుల్లాంటి ప్రత్యేక గొంతులను చెవి వెంటనే గుర్తుపడుతుంది, వాటి నకలుకు గిరాకీ కూడా ఉంటుంది. 2024 జులైలో అరిజిత్ సింగ్ కేసులో బొంబాయి హైకోర్టు గొంతును వ్యక్తిత్వ హక్కులో భాగంగా గుర్తించి అనుకరణ సాధనాలను నిలువరించింది. ఈ ఒక్క విషయంలో మన కోర్టులు బ్రిటన్ కంటే ముందున్నాయి. అక్కడ గొంతుకు నేరుగా రక్షణ ఇచ్చే చట్టం లేదు. సృజనకారుల పనులను కృత్రిమ మేధ శిక్షణకు వాడుకోనివ్వాలన్న ప్రతిపాదనకు నిరసనగా 2025 ఫిబ్రవరిలో వెయ్యిమందికి పైగా సంగీతకారులు పాటే లేని, ఖాళీ స్టూడియోల నిశ్శబ్దంతో ఒక ఆల్బమ్ విడుదల చేశారు.

2034, 2053, 2091

యూరప్ 2011లో చేసిన మార్పును అనుసరించి బ్రిటన్ 2013లో రికార్డింగుల రక్షణను 50 ఏళ్ల నుంచి 70కి పెంచింది. దాని ప్రకారం ఈ ఆల్బమ్ మీద కంపెనీకి, గాయనికి హక్కులు 2053 చివరి దాకా ఉంటాయి. స్టైన్‌మన్ పాటల మీద ఆయన వారసుల హక్కు ఆయన మరణించిన ఏడాది నుంచి 70 ఏళ్లు, అంటే 2091 వరకు. ఒకే పాటలో గొంతుకు, కలానికి మధ్య 38 ఏళ్ల తేడా. 2013 మార్పులో గాయకులకు పనికొచ్చే నిబంధన ఒకటుంది. 50 ఏళ్లు దాటాక కంపెనీ పాత అడ్వాన్సుల పేరు చెప్పి రాయల్టీలో కోత పెట్టకూడదు. సెషన్ సంగీతకారుల కోసం ఆదాయంలో 20 శాతం పక్కన పెట్టాలి. ఈ ఆల్బమ్‌కు అది 2034లో అమల్లోకి వస్తుంది. అప్పటికి బోనీ టైలర్ వయసు 83.

స్ట్రీమింగ్‌లో గాయకులకు నేరుగా వాటా ఇవ్వడం అసాధ్యమన్న వాదన బ్రిటన్‌లో తరచూ వినిపిస్తుంది. ఉరుగ్వే 2023లో అలాంటి చట్టం తెస్తే స్పాటిఫై దేశం వదిలి వెళ్తానంది. అదనపు భారం తమ మీద పడదని ప్రభుత్వం స్పష్టం చేశాక ఆగింది. కానీ స్పెయిన్‌లో ఈ హక్కు 2006 నుంచే ఉంది. కోరినప్పుడు వినిపించే సేవల మీద కూడా ప్రదర్శనకారులకు పారితోషికం రావాలని, దాన్ని ఏ ఒప్పందంలోనూ వదులుకోవడానికి వీల్లేదని అక్కడి చట్టం చెబుతుంది. ఏఐఈ అనే ప్రదర్శనకారుల సంస్థ దాన్ని వసూలు చేస్తుంది. స్ట్రీమింగ్ సేవలు స్పెయిన్ వదిలిపోలేదు, అక్కడి రికార్డు కంపెనీలు మూతపడలేదు.

2017లో, 2024లో చంద్రుడి నీడ పడింది ఎఫ్‌ఎంలో పాటకు గాయనికి ఏమీ దక్కని దేశం మీద. 2026 ఆగస్టు 12 సాయంత్రం, మరుసటి ఏడాది ఆగస్టు 2 ఉదయం, అది స్పెయిన్ మీద పడుతుంది.